నక్షాలో ఒకటి, పొలంలో ఒకటి: ఈ నెల మీ ప్రశ్నలు

మ్యాపుల చరిత్ర మీద ఏమైనా అడగండి అని పోయిన నెల రాస్తే, వచ్చిన ప్రశ్నల్లో సగం గెట్టు పంచాయితీలే. తప్పేం లేదు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నక్షా అనే మాట బయటికొచ్చేదే పొలం కాడ గొడవైనప్పుడు. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా. గ్రీన్‌లాండ్ గురించి అడిగిన పిల్లలు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న (నకిరేకల్ దగ్గరి రైతు): మా తాత పేరు మీద పాత సర్వే రికార్డు సేత్వార్‌లో 4 ఎకరాల 12 గుంటలు ఉంది, పాస్‌బుక్‌లో కూడా అంతే. మొన్న శాటిలైట్ రోవర్ యంత్రం పెట్టి కొలిపిస్తే 4 ఎకరాల 3 గుంటలే వచ్చింది. ఫోన్‌లో యాప్ ఆన్ చేసి గెట్ల వెంబడి నడిస్తే 4 ఎకరాల 20 గుంటలు చూపించింది. మూడింట్లో ఏది నిజం సార్? పక్క పొలమాయన నవ్వుతున్నాడు.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. మామూలు ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అది దారి వెతుక్కోవడానికి పెట్టింది, గెట్లు కొలవడానికి కాదు. మీ పొలం నాలుగు వైపులా ఆ నాలుగైదు మీటర్ల తేడా వస్తే గుంటలకు గుంటలే ఎగిరిపోతాయి. దాన్ని పక్కన పెట్టండి. నేల మీద ఇప్పుడున్నది రోవర్ లెక్కే అనుకుందాం.

ఇక సేత్వార్. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు, 1870ల్లో, బొంబాయి రాష్ట్రం పద్ధతిని చూసి భూముల సర్వే మొదలుపెట్టారు. వాళ్లు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు, దాన్ని 16 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని ఆణా అన్నారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, అంటే 121 గజాలు, అలాంటివి నలభై అయితే ఎకరం. ఇప్పటికీ మీరు నేను గుంటల్లో మాట్లాడుతున్నామంటే ఆ గొలుసు వల్లే. ఆంధ్ర వైపు వెళ్తే సెంట్లు అంటారు, అక్కడ మద్రాసు వాళ్ల లెక్క వేరే.

ఇప్పుడు లెక్క చూద్దాం. గొలుసు కడియాలు వంకర పోయి మూడు అంగుళాలు పొట్టిదైందనుకోండి, పొడవులో తేడా ముప్పాతిక శాతమే, కానీ విస్తీర్ణంలో అది ఒకటిన్నర శాతం అవుతుంది. మీ 172 గుంటల్లో రెండున్నర గుంటలు కాగితం మీద ఎక్కువ పడిపోయినట్టే. ఎత్తుపల్లాలున్న చెల్కలో గొలుసును సమంగా పట్టకుండా నేల వాలునే పరిచినా అంతే, రికార్డులో ఎక్కువే వస్తుంది. గొలుసు సాగిపోయి పొడుగైతే మాత్రం ఉల్టా, కాగితం మీద తగ్గుతుంది. కాబట్టి మీ తొమ్మిది గుంటల తేడాలో రెండో మూడో గుంటలు ఎప్పుడో గొలుసు పట్టినవాళ్ల ఖాతాలో వేయొచ్చు. మిగతా ఆరేడు గుంటలు గొలుసు మింగలేదు. పొలం పక్కన బండ్ల బాట రోడ్డయిందా, కాలువ తవ్వారా, దున్నినప్పుడల్లా ఎవరైనా గెట్టును జానెడు జానెడు జరిపారా, అది చూడండి. నవ్వుతున్నది ఎవరన్నారు?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో సర్వే చేసింది మీ హక్కు తేల్చడానికి కాదు, శిస్తు వేయడానికి. సర్కారుకు కావలసింది ఏ సర్వే నంబరు నుంచి ఎంత వసూలు చేయాలన్నదే. రెండు గుంటలు అటూ ఇటూ అయితే శిస్తులో పైసల తేడా, ఎవరికీ పట్టేది కాదు. అప్పుడు గెట్టు పక్క జానెడు నేలకు అంత విలువా లేదు. ఇప్పుడు గుంట ధర లక్షల్లోకి పోయేసరికి, శిస్తు కోసం గీసిన కాగితాన్ని మనం ఆస్తి కోసం చదువుతున్నాం, అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

చేయాల్సిందేంటంటే, నక్షా చూసి కొట్లాడకండి. ఊరి నక్షాలో గీత మందం అర మిల్లీమీటరున్నా, 1:5000 స్కేలులో నేల మీద అది రెండున్నర మీటర్లు. మీ సర్వే నంబరు టిపన్ నకలు తీసుకోండి, అందులో గెట్టు గెట్టుకూ కొలతలు ఉంటాయి. హద్దులు చూపించమని ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టండి, మండల సర్వేయరు చుట్టుపక్కల రైతులకు నోటీసులిచ్చి, అందరి ముందూ కొలిచి పంచనామా రాస్తారు. ప్రైవేటుగా కొలిపించుకున్నది మీ తృప్తికే, ఎదుటివాడు దాన్ని ఒప్పుకోవాలని లేదు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరకపోతే కోర్టుల్లో మామూలుగా హద్దులకే బలం, అది కూడా గుర్తుంచుకోండి. హద్దురాళ్లు దొరికితే వాటి ఫొటోలు తీసి పెట్టుకోండి.

జాగీరు ఊళ్లవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు ఇలాగే అడిగారు. మీ చిక్కు ఇంకాస్త పెద్దది. జాగీర్లు రద్దయింది 1949లో. అంతదాకా చాలా జాగీరు గ్రామాల్లో సర్కారు సర్వే సరిగ్గా జరగనే లేదు, 1954-55లో ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు) రాసినప్పుడు పొలంలో ఎవరు కనిపిస్తే వాళ్ల పేరు ఎక్కింది. అసలు నక్షానే లేని ఊళ్లు రాష్ట్రంలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఊరైతే టిపన్ అడిగినా ఎక్కడి నుంచి తెస్తారు, కొత్త సర్వే ఒక్కటే దారి.

ప్రశ్న (మహబూబ్‌నగర్ డిగ్రీ విద్యార్థి): ఎవరెస్టు శిఖరానికి పేరొచ్చిన జార్జ్ ఎవరెస్టు హైదరాబాద్ రాజ్యంలో పనిచేశాడని విన్నాను. నిజమేనా? ఇటువైపు ఆయనకేం పని?

నిజమే, పైగా పని మొదలుపెట్టింది ఇక్కడే. ఒక్కసారి ఫోన్‌లో మీ ఊరి రేఖాంశం చూసుకోండి, 78 డిగ్రీలకు ఆనుకుని ఉంటుంది. దేశం దక్షిణపు కొన నుంచి హిమాలయాల దాకా నేలను కొలుచుకుంటూ పోయిన సర్వే, దాన్ని గ్రేట్ ఆర్క్ అంటారు, ఇంచుమించు ఈ 78వ రేఖ వెంబడే సాగింది.

కథ మొదలైంది 1802లో మద్రాసు దగ్గర. టిప్పు సుల్తాన్ 1799లో పడిపోయాక దక్షిణం చాలామటుకు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది, చేతికొచ్చింది సరే గానీ ఎంతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతను వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఆ ఒక్క గీతను జాగ్రత్తగా కొలిస్తే చాలు. దాని రెండు కొసల నుంచి దూరంగా ఉన్న ఒక గుట్టను చూసి కోణాలు తీస్తే, గుట్ట ఎంత దూరమో లెక్కలో తేలిపోతుంది, గొలుసు పట్టుకుని అక్కడిదాకా పోనక్కర్లేదు. ఆ గుట్ట ఎక్కి ఇంకో గుట్ట, అక్కడి నుంచి మరొకటి, అలా దేశమంతా త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. మధ్యమధ్యలో లెక్క తప్పిందేమో చూసుకోవడానికి మళ్లీ నేల మీద గీత కొలిచేవాళ్లు, అలాంటిది ఒకటి 1815లో బీదర్ దగ్గర కొలిచారు.

కోణాలు తీసే థియోడొలైట్ బరువు అర టన్ను. దాన్ని మోసుకుంటూ గుట్టలెక్కాలి. గుట్టలు లేనిచోట గోపురాలెక్కారు, 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి లాగుతుంటే తాడు తెగి యంత్రం గోడకు కొట్టుకుంది. లాంబ్టన్ దాన్ని డేరాలో పెట్టుకుని వారాల తరబడి తన చేతుల్తోనే బాగు చేసుకున్నాడు. ఊళ్లలో జనానికి అనుమానాలు, గుట్ట మీద దూరదర్శిని పెట్టుకుని వీళ్లు ఆడవాళ్లను చూస్తున్నారని, అందులో మనుషులు తలకిందులుగా కనిపిస్తారని కోపం. అనుమానం పూర్తిగా ఉత్తదేం కాదు, ఆ దూరదర్శినుల్లో బొమ్మ నిజంగానే తలకిందులుగా కనబడేది.

ఎవరెస్టు లాంబ్టన్‌కు సహాయకుడిగా 1818లో చేరాడు. మరుసటి ఏడాది వానాకాలంలో కృష్ణా గోదావరుల మధ్య భాగం కొలవమని పంపారు. వానల్లో ఎందుకంటారా, వాన పడ్డాక గాలిలో దుమ్ము ఉండదు, దూరపు గుట్టలు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ వానల్లో అడవి అంటే జ్వరాలు. గోదావరి వైపు అడవుల్లో ఎవరెస్టుతో సహా బృందమంతా జ్వరంతో కూలిపోయింది, కొందరు చనిపోయారు. ఆయన 1820లో కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్‌కు పోయాడు, తర్వాత తిరిగొచ్చి 1830లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. లాంబ్టన్ పని చేస్తూనే 1823లో వార్ధా దగ్గరి హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు.

శిఖరం సంగతికొస్తే, ఎవరెస్టు రిటైరైంది 1843లో. ఆ కొండ ఎత్తు లెక్క 1852 ప్రాంతంలో తేలింది, చేసింది రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణితజ్ఞుడు. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. పేరు పెడదామన్నది తర్వాతి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా, అక్కడివాళ్లకు నా పేరు పలకడం రాదని ఎవరెస్టే అభ్యంతరం చెప్పాడు. అయినా పెట్టారు. సిక్దర్ పేరు మీద ఏ కొండా లేదు, జెండాలు పట్టుకుని గుట్టల మీద నిలబడి జ్వరాలకు పోయిన ఖలాసీల పేర్లైతే మనదాకా రానేలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఈ సర్వే అయ్యాక మన ప్రాంతం గురించి హైదరాబాద్ దర్బారుకంటే కలకత్తాలోని కంపెనీకే బాగా తెలుసు. ఫౌజు ఏ దారిన నడవాలి, రైలు ఏ వైపు పోవాలి, కాలువ ఎక్కడ తవ్వాలి, అన్నిటికీ అదే పునాది అయింది. ఇప్పటికీ సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో, అంటే గుట్టలు, వాగులు, ఊళ్లు వివరంగా చూపే మ్యాపుల్లో, కొన్ని గుట్టల మీద చిన్న త్రిభుజం గుర్తు, పక్కన ఎత్తు వేసి ఉంటాయి. మీ ఊరి చుట్టుపక్కల ఏ గుట్ట మీద ఉందో వెతకండి, ఆదివారం ఎక్కి చూడండి.

ప్రశ్న (మర్రిగూడ మండలం నుంచి ఒక టీచరమ్మ): ఫ్లోరైడ్ మీద ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా నల్లగొండ జిల్లా మొత్తానికి ఎర్ర రంగు పూసిన మ్యాప్ ఒకటి వేలాడదీస్తారు. సంబంధాలు చూసేటప్పుడు కూడా "నల్లగొండ నీళ్లా?" అంటున్నారు. మ్యాప్ వల్ల మేలు జరిగిందా, కీడా?

రెండూ మేడం. ముందు మేలు చెప్తా. 1854లో లండన్ సోహో వీధుల్లో కలరా వచ్చి వారం పది రోజుల్లో వందలమంది చనిపోయారు. చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి డాక్టర్లు నమ్మేవాళ్లు. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం నీళ్ల మీద అనుమానపడి, చావు జరిగిన ఇళ్లకు పోయి ఏ పంపు నీళ్లు తాగారో అడిగాడు. తర్వాత వీధుల మ్యాప్ మీద చావుకొక నల్ల గీత పెట్టుకుంటూ పోతే గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కుప్పపడ్డాయి. మ్యాప్ చూపించి పంపు పిడి పీకించాడని కథలు చెప్తారు గానీ, పిడి ముందే తీసేశారు, మ్యాప్ తర్వాత వేసింది.

ఆ మ్యాప్‌లో నాకు నచ్చేది గీతలు లేని చోట్లు. పంపుకు దగ్గర్లోనే నిరుపేదలను ఉంచే వర్క్‌హౌస్ ఒకటి, 535 మంది ఉన్నా చనిపోయింది ఐదుగురే, వాళ్లకు సొంత బావి ఉంది. పక్కన బీరు తయారుచేసే చోట కూలీలు ఒక్కరూ పోలేదు, వాళ్లు పంపు నీళ్లు ముట్టేవాళ్లే కాదు. స్నో వాదనకు బలం అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు మన ఎర్ర రంగు. ఫ్లోరైడ్ జిల్లాను చూసి రాదు, గ్రానైట్ రాయిలోని ఖనిజాలు నీళ్లలో కరగడం వల్ల వస్తుంది, నీళ్లు ఆ రాయిని ఎంతకాలం ఆనుకుని ఉన్నాయన్నది కూడా ముఖ్యమే. ఒకే ఊళ్లో రెండు బోర్లలో ఒకదాంట్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దులోపల ఉండి, ఇంకోదాంట్లో దానికి మూడు రెట్లు ఉండొచ్చు. బోరు బోరుకూ చుక్క పెట్టి రంగు వేయాల్సిన చోట, జిల్లా సరిహద్దు లోపలంతా ఒకే రంగు పోస్తే ఆ సరిహద్దు దగ్గర జబ్బు ఆగిపోయినట్టు కనిపిస్తుంది. రంగారెడ్డిలోకి అడుగు పెట్టగానే రాయి మారిపోతుందా?

అయినా అలాంటి మ్యాపులే ఢిల్లీ దాకా పోయి మన గోడు వినిపించాయి, అది ఒప్పుకోవాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పుర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు తయారు చేసి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు, తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాయి. వంకర కాళ్ల ఫొటో పక్కన ఎర్ర మ్యాప్ లేకపోతే ఇదంతా ఇంకెన్నాళ్లు పట్టేదో. చిక్కేంటంటే నీళ్లు మారినా మ్యాప్ మారలేదు. మ్యాప్ కింద ఏ సంవత్సరం నీళ్ల పరీక్షో, ఎన్ని బోర్లు చూశారో రాసి ఉందా అని ఈసారి ఎగ్జిబిషన్‌లో మీ పిల్లల చేత అడిగించండి. లేకపోతే మీ పిల్లలే మీ ఊరి బోర్లు, బావులు గీసి, పరీక్ష ఫలితం పక్కన రాసి కొత్తది వేయొచ్చు, సైన్స్ ఫెయిర్‌కు మంచి ప్రాజెక్టు.

ప్రశ్న (కొల్లాపూర్ నుంచి): మా నాన్నగారి ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగింది. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గింది, ఊరి మ్యాప్ ఒకసారి చూడాలని ఉందంటున్నారు. దొరుకుతుందా?

దొరుకుతుంది, ప్రయత్నించండి. సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని గళ్లుగా చేసి నంబర్లిచ్చింది. 78, 79 డిగ్రీల రేఖాంశాల మధ్య, 16, 17 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న గడి పేరు 56ఎల్. కొల్లాపూర్, అచ్చంపేట, దేవరకొండ అన్నీ అందులోవే. ఒక్కో గడిలో 16 షీట్లుంటాయి. మీ ఊరు 16 డిగ్రీల గీతకు దిగువన ఉంటే 57ఐలో చూడాలి. కావలసింది డ్యామ్ కట్టకముందు అచ్చయినది, మైలుకు ఒక అంగుళం స్కేలువి కానీ, 1970ల నాటి 1:50,000వి కానీ. కొత్తవాటిలో అక్కడ నీలం రంగు తప్ప ఏమీ ఉండదు. పాత యూనివర్సిటీ లైబ్రరీల్లో, జాగ్రఫీ విభాగాల్లో అడగండి. ఊరి లోపలి సంగతులు, అంటే ఏ సర్వే నంబరు ఎక్కడ అన్నది కావాలంటే టోపోషీట్ చాలదు, రెవెన్యూ నక్షా కావాలి, మునిగిన ఊళ్లవి కూడా సర్వే రికార్డుల్లో ఉండే అవకాశముంది, నష్టపరిహారం లెక్కలు కట్టింది వాటిమీదే కదా.

1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఇటు పాలమూరు, అటు కర్నూలు జిల్లాల్లో వంద దాకా గ్రామాలు పోయాయి. జటప్రోలు గుళ్లను రాయి రాయికీ నంబరు వేసి ఊడదీసి వేరేచోట కట్టారు, కూడలి సంగమేశ్వరాన్ని అలంపురానికి తెచ్చారు. గుడికి అంత శ్రద్ధగా ప్లాను గీసినవాళ్లు, ఇళ్లకు మాత్రం గజాలు, డబ్బుల లెక్క తప్ప బొమ్మ గీయలేదు. మీ నాన్నగారికి టోపోషీట్‌లో ఊరు పది పన్నెండు నల్ల చుక్కలుగా కనిపిస్తుంది, ఒక గుడి గుర్తు, ఒక బావి, బండ్ల బాట చుక్కల గీత, అంతే. కాబట్టి షీటును పెద్దది చేయించి జిరాక్స్ తీసి ముందు పెట్టండి, మావాళ్ల ఇల్లెక్కడ, చెరువు తూము ఎక్కడ, పీర్ల చావడి ఎక్కడ అని ఆయన చెబుతుంటే మీరు పెన్సిలుతో గీయండి. చూపు తక్కువైనా చెప్పగలరు. ఆలస్యం చేయకండి.

ప్రశ్న (వనపర్తి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు): స్కూలు గోడ మీది ప్రపంచపటంలో గ్రీన్‌లాండ్ మన దేశం కంటే చాలా పెద్దగా ఉంది. నిజంగా అంత పెద్దదా? ప్రపంచంలో మొదటి మ్యాప్ ఎవరు గీశారు?

కాదురా, మన దేశమే పెద్దది. ఇండియా సుమారు 32.8 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 21.7 లక్షలు. ఆఫ్రికా అయితే గ్రీన్‌లాండ్‌కు పద్నాలుగు రెట్లు, మీ గోడ మీద రెండూ సమానంగా కనిపిస్తుంటాయి. ఆ పటం 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలవాళ్ల కోసం వేసిన పద్ధతి. అందులో రెండు రేవుల మధ్య స్కేలు పెట్టి గీత గీసి, ఆ దిక్కు చూపించే దిక్సూచి ముల్లును వదలకుండా పోతే రేవు చేరతారు. దిక్కులు సరిగ్గా ఉంచడానికి సైజులు వదిలేశాడు, ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నీ ఉబ్బుతాయి. ఓడ నడిపేవాడికి అది బంగారం. వనపర్తి బడి గోడకు అదెందుకో నాకూ అర్థం కాదు, మీ సార్‌ను అడిగి గ్లోబు తెప్పించుకోండి.

మొదటి మ్యాప్ అంటే చెప్పడం కష్టం. పాతవాటిలో పేరున్నది బాబిలోన్ మట్టిపలక, రెండున్నర వేల ఏళ్ల పైమాటే, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో మధ్యన బాబిలోన్, చుట్టూ ఉప్పు సముద్రం. గీసినవాడి ఊరు మధ్యలో ఉండటం అప్పటినుంచే ఉందన్నమాట. 1154లో అల్ ఇద్రీసీ సిసిలీ రాజుకు గీసిచ్చిన పటంలో దక్షిణం పైన ఉంటుంది. ఉత్తరమే పైన ఉండాలని ఎక్కడా రూల్ లేదు. మీ బడి మ్యాప్‌ను ఒకరోజు తిరగేసి వేలాడదీయండి, సార్ ఏమంటారో నాకు రాయండి.

ప్రశ్న (గద్వాల నుంచి వ్యాపారి): మా పెద్దవాళ్లు రాయచూరు జిల్లా అని కాగితాలు రాసుకున్నారు, నేను మహబూబ్‌నగర్ జిల్లా అని రాసుకున్నాను, నా కొడుకు జోగులాంబ గద్వాల అంటున్నాడు. ఇల్లు మాత్రం కదల్లేదు. ఈ గీతలు ఎవరు ఏ లెక్కన మారుస్తారు?

మీ ఇంటి కాగితాలే పెద్ద చరిత్ర. హైదరాబాద్ రాష్ట్రంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి, కొడంగల్ గుల్బర్గాలో. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో నివేదిక ఇచ్చాక, 1956 నవంబరు 1న రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి భాషలవారీగా పంచారు. మరాఠీ ముక్క బొంబాయికి, కన్నడ ముక్క మైసూరుకు, తెలుగు ముక్క ఆంధ్రకు. రాయచూరు మైసూరుకు పోతే, తెలుగు మాట్లాడే మీ తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. లెక్క జనాభా గణనలోని మాతృభాషది. మీ మార్కెట్టు, ఆస్పత్రి, పిల్లనిచ్చిన ఊరు ఆ లెక్కలోకి రాలేదు, అందుకే ఇప్పటికీ సరుకు కొనాలంటే మీలో చాలామంది రాయచూరు బస్సే ఎక్కుతారు.

తర్వాత 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో నారాయణపేట, ములుగు కలిసి 33. ఈసారి చూసింది కలెక్టరాఫీసు ఎంత దూరమన్నది, దాంతోపాటు రాజకీయం, దాపరికమేముంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలు ఇప్పుడు ఐదు జిల్లాలుగా ఉన్నాయి, కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. గుల్బర్గా, మహబూబ్‌నగర్, వికారాబాద్, అరవై ఏళ్లలో మూడు జిల్లాలు, పాపం.

మన గీతలు గీసేటప్పుడు కనీసం అర్జీలు, ధర్నాలు, రాజీనామాల బెదిరింపులు చూసి అక్కడక్కడా జరిపారు. 1947లో పంజాబ్‌ను, బెంగాల్‌ను కోయడానికి వచ్చిన రాడ్‌క్లిఫ్ అంతకుముందు ఈ దేశం మొహమే చూడలేదు. జులై 8న దిగాడు, ఐదు వారాల్లో గీత పూర్తి చేశాడు, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 17న, దాన్ని బయటపెట్టారు. ఆ రెండు రోజులూ కొన్ని జిల్లాల జనానికి తాము ఏ దేశంలో ఉన్నారో తెలియదు. మీ కొడుకు సర్టిఫికెట్లలో జిల్లా పేరు తేడాతో ఇబ్బందైతే రెవెన్యూవాళ్లు 2016 ఉత్తర్వు నంబరు వేసి కాగితం ఇస్తారు, దిగులు పడకండి.

ప్రశ్న (అమ్రాబాద్ దగ్గర పనిచేసే కార్యకర్త): నల్లమలలో చెంచు పెంటలు (చెంచుల గూడేలు) చాలావరకు ఏ మ్యాప్‌లోనూ లేవు. మేమే గీసుకుంటే చెల్లుతుందా? చట్టం ఒప్పుకుంటుందా?

గీసుకోవచ్చు. ఒకప్పుడు మ్యాపుల మీద సర్కారు పట్టు గట్టిగా ఉండేది, 2005 మ్యాపు విధానంలో సైన్యానికి ఒక రకం షీట్లు, జనానికి ఒక రకం అని విడగొట్టారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది, ఇప్పుడు మన దేశంవాళ్లు మ్యాప్ తయారు చేసుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, రక్షణ స్థావరాల్లాంటి కొన్ని సున్నితమైన వాటికి తప్ప.

చెల్లుతుందా అంటే, దేనికి వాడతారన్నదాన్ని బట్టి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులకు దరఖాస్తు పెట్టాలంటే గ్రామసభ తమ సాంప్రదాయ హద్దుల నక్షా జతచేయాలి, అక్కడ మీరు గీసింది సాక్ష్యమే. అటవీశాఖ మ్యాప్‌లో ఆ చోటు కంపార్ట్‌మెంట్ నంబరుగా ఉంటుంది, కలప లెక్కకు అది చాలు. చెంచులకు కావలసింది ఏ వాగు ఎండాకాలం ఆరదు, ఏ గడ్డలు ఎటు దొరుకుతాయి, ఏ ఇంటిపేరువాళ్లు ఎంతవరకు తిరిగేవాళ్లు అన్నది. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వాళ్లతో ఉండి రాసినప్పుడు కూడా ఒక్కో కుదురుకు ఒక్కో ప్రాంతం ఉండేదన్నాడు. అది ఆఫీసులో కూర్చుని గీస్తే రాదు. పెద్దవాళ్లిద్దర్ని ముందు నడిపించి వెనక జీపీఎస్ పట్టుకుని పొండి, వాళ్లు ఆగి పేరు చెప్పిన ప్రతిచోటా ఒక పాయింటు పెట్టండి, పేరు తెలుగులో వాళ్లు పలికినట్టే రాయండి. ఆడవాళ్లను వేరేగా ఇంకోసారి తీసుకుపొండి, వాళ్లు నడిచే దారులు వేరుంటాయి.

పెంటలు, బాటలు, చెలిమెలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో ఎవరైనా ఎక్కించొచ్చు, పైసా ఖర్చు లేదు. తేనె పట్టే చరియలు, దేవతల చోట్లు మాత్రం అందులో పెట్టకండి, రేపు బయటివాడు ఫోన్ పట్టుకుని నేరుగా అక్కడికే వస్తాడు. అవి కాగితం మీద గీసి గ్రామసభ దగ్గర ఉంచండి. ఏది బయటపెట్టాలో ఏది వద్దో ముందే పెంటలో కూర్చుని తేల్చుకుని, ఆ తర్వాతే నడక మొదలుపెట్టండి.